అలవాటు మార్పునకు తోడు నిలుచు విద్య

సికిందరాబాదు నుండి ఉత్తరముగా ఆల్వాలు దాటి, బొల్లారము కంటోన్మెంటు ప్రక్కగా సాగిపోవువారికి, ఒకవంక అడవియు వేరొకవంక ఏటేట విస్తరించుచున్న కాలనీలును గల కౌకూర్ కానవచ్చును. ఆవల మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు. అందు ఔషధ కర్మాగారములు, గిడ్డంగులు, కళాశాలలు, ప్లాట్లుగా మారిన సేద్యభూములు. ఒక తరము వెనుక ఈ ఊళ్లలో తండ్రి తెల్లవారకమునుపే పొలమునకు నడచి, ఎండలో వంగి లేచి, సాయంకాలము అలసి ఇల్లు చేరెడివాడు. నేడు కొడుకు మోటారు సైకిలుపై పోయి, పన్నెండు గంటలు కుర్చీలో కాపలా కూర్చుండి, రాత్రి యొక వారము, పగలొక వారము మేల్కొని, దొరికిన వేళకు దొరికినది తిని వచ్చుచున్నాడు. కంచములో అన్నపు రాశి మాత్రము తండ్రి నాటిదే. దానిని దహించు శ్రమ యొక్కటే తొలగిపోయినది. ఈ తొలగిపోయిన శ్రమయు, తొలగని అన్నపు రాశియు కలసి శరీరములో చేయు పని యెట్టిదో, దానిని సరిదిద్దుటకు గ్రామమున నున్న ఆరోగ్య కార్యకర్తకు ఎట్టి విద్య గరపవలెనో ఈ యధ్యాయమున విచారింతము.

రెండు శతాబ్దములు, రెండు విధములైన శత్రువులు

కౌకూర్‌కు కొలది క్రోసుల దూరమున, బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ జఠరకుడ్యమున మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినితో చూచెను. ఆనాటి వైద్యమునకు ప్రధాన శత్రువు వెలుపలనుండి వచ్చునది. దానిని గుర్తింపవచ్చును, దాని మార్గమును అడ్డగింపవచ్చును, మందుతో దానిని సంహరింపవచ్చును. రోగి చేయవలసినదెల్ల ఆ మందును కొన్ని దినములు సేవించుటయే. మశూచి, కలరా, క్షయ, మలేరియాలతో పోరాడిన కాలమున మన ప్రజారోగ్య వ్యవస్థ ఈ పోరాటమునకు తగినట్లే నిర్మితమైనది: టీకా వేయుట, మందు చల్లుట, గోలీలు పంచుట, లెక్క వ్రాసికొనుట.

ఇప్పటి ప్రధాన శత్రువు వేరు. 2003-04 సంవత్సరములలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో మరణించిన ప్రతి వ్యక్తి ఇంటికిని కార్యకర్తలు పోయి, మరణకారణమును కుటుంబీకుల నోట విచారించి నమోదు చేసిరి. అట్లు పరిశీలించిన 1,354 మరణములలో నూటికి 32 గుండెకు, రక్తనాళములకు సంబంధించిన వ్యాధుల వలన సంభవించినవని తేలెను; అంటువ్యాధుల వాటా అందులో సగమునకును తక్కువ. పట్టణములలోని ధనికుల జబ్బులని లోకము భావించుచుండిన గుండెపోటును, పక్షవాతమును పల్లెలలో అప్పటికే ప్రథమస్థానము నాక్రమించి యుండెను. దేశమంతటను పరిశీలించి భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము మధుమేహము గలవారు 10.1 కోట్లు; దాని వాకిట నిలిచియున్నవారు మరి 13.6 కోట్లు.

ఈ వ్యాధుల స్వభావమును గూర్చి ఒక మాట చెప్పవలెను. మనము తిన్న పిండిపదార్థము గ్లూకోజుగా మారి రక్తమున జేరినప్పుడు, ఇన్సులిన్ అను హార్మోను కండరములను ప్రేరేపించి ఆ గ్లూకోజును లోనికి గ్రహింపజేయును. నడుము చుట్టును, కాలేయమునందును కొవ్వు పేరుకొన్నకొలది కండరములు ఇన్సులిన్ పిలుపునకు మందకొడిగా స్పందించును. క్లోమము మరింత ఇన్సులిన్‌ను స్రవించి, కొన్ని యేండ్లకు అలసిపోవును. ఐతే కండరము కదలుచున్నప్పుడు ఇన్సులిన్ తోడు లేకయే గ్లూకోజును గ్రహింపగల మార్గమొకటి దానికి ప్రకృతిసిద్ధముగా గలదు. నడకకు ఔషధగుణము సంక్రమించినది ఇందుచేతనే. ఇక ఉప్పునందలి సోడియము నీటిని దేహమున నిలిపి రక్తపు పరిమాణమును పెంచును; నాళముల గోడలు ఏండ్ల తరబడి ఆ యొత్తిడిని మోసి మోసి బిరుసెక్కును. ఈ ప్రక్రియ యంతయు నొప్పి లేకుండ జరుగును. జ్వరము వచ్చినవాడు మందును తానే వెదకికొనును గాని, బీపీ నూట అరువదియైనను ఏ బాధయు ఎరుగనివాడు ఇష్టమైన రుచిని ఎందుకు వదలుకొనును? వదలుకొన్నందుకు ప్రతిఫలమో, పదేండ్ల పిమ్మట రాకపోయిన పక్షవాతము. రాని దానిని కన్నులతో చూచినవాడెవడు? దీర్ఘవ్యాధి చికిత్సలోని క్లేశమంతయు ఇందే యిమిడి యున్నది.

అలవాటు మారినచో వ్యాధి నిలుచునా?

నిలుచునని నిరూపించిన ప్రయోగములు పెక్కు గలవు. చైనాలోని దాచింగ్ నగరమున 1986లో, మధుమేహపు వాకిట నున్న 577 మందిని ఎన్నుకొని, కొందరికి ఆరేండ్లపాటు ఆహార వ్యాయామ విషయములలో తోడ్పడిరి. ముప్పదియేండ్ల పిమ్మట లెక్క చూడగా, తోడ్పాటు పొందినవారికి మధుమేహము సుమారు నాలుగేండ్లు ఆలస్యముగా వచ్చెను; సగటు ఆయుర్దాయము దాదాపు ఏడాదిన్నర పెరిగెను. అమెరికాలో 3,234 మందిపై జరిగి 2002లో వెలువడిన పరీక్షలో జీవనశైలి మార్పు మధుమేహపు రాకను నూటికి 58 వంతులు తగ్గింపగా, మెట్‌ఫార్మిన్ మాత్ర 31 వంతులే తగ్గించెను. మన పొరుగున చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందము 531 మందితో నడిపి 2006లో ప్రకటించిన పరీక్షలో, తోడ్పాటు లేనివారిలో మూడేండ్లలో నూటికి 55 మందికి మధుమేహము రాగా, జీవనశైలి మార్పునకు తోడ్పాటు పొందినవారిలో 39 మందికే వచ్చెను.

ఈ ఫలితములను చదువునపుడు ఒక సంగతి మరువరాదు. ఆ ప్రయోగములలో పాల్గొన్నవారికి ఒక కరపత్రమిచ్చి పంపివేయలేదు. శిక్షణ పొందిన మనుష్యులు వారిని మాటిమాటికి కలసికొనిరి, ఏమి తిన్నారో, ఎంత నడచినారో కనుగొనిరి, తప్పినప్పుడు మరల మొదలిడుటకు ధైర్యము చెప్పిరి. మాత్రకు సరియగు మోతాదు ఉన్నట్లే తోడ్పాటునకును మోతాదు గలదు. ఆ మోతాదు మాటలలో గాక, కలయికల సంఖ్యలోను, వాని నాణ్యములోను ఉన్నది.

గడప వరకు వచ్చినవారు

మన రాష్ట్రమున ఆ మోతాదు నీయగలవారెవరు? వైద్యకళాశాలలోని నిపుణుడు కానేరడు; అతని గది ముందర బారులు తీరినవారిలో ఒక్కొకరికి దక్కునవి కొన్ని నిమిషములే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకముతో వచ్చిన ఆశా కార్యకర్త సుమారు వేయి జనాభాకొకతె. ఆమె ఆ యూరి కోడలో, కూతురో. ఆమెకు పైన ఉపకేంద్రపు ఏఎన్ఎం. ఇటీవలి కాలమున పల్లె దవాఖానగా మారిన చోట్ల మధ్యస్థాయి వైద్యసేవకురాలు. నగరపు అంచున బస్తీ దవాఖాన. ముప్పదియేండ్లు దాటిన ప్రతివారిని పరీక్షింపవలెనని 2017లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది మొదలు, ఆశా కార్యకర్త ఇంటింటికిని పోయి, వయస్సు, పొగాకు, మద్యము, నడుము కొలత, శరీరశ్రమ, కుటుంబములో వ్యాధి చరిత్ర అడిగి, ఒక పత్రమున మార్కులు వేయుచున్నది; నాలుగు దాటినవారిని ముందుగా పరీక్షకు పంపుచున్నది. అదే సంవత్సరము నవంబరులో ఆరంభమైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమమునకు తొలుత ఎన్నుకొన్న అయిదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి.

మేడ్చల్ ప్రాంతమునకు ఈ విషయమున ఒక ప్రత్యేక చరిత్రయు గలదు. ఘనపూరులోని మెడిసిటీ వైద్యవిజ్ఞాన సంస్థకు అనుబంధమైన షేర్ ఇండియా సంస్థ, ‘రీచ్’ అను పేర, మేడ్చల్ మండలములోని సుమారు నలువది గ్రామములలో గ్రామ ఆరోగ్య కార్యకర్తల ద్వారా ఇండ్లకు సంఖ్యలిచ్చి, జననమరణములను, గర్భిణుల యోగక్షేమములను క్రమముగా నమోదు చేయుచు వచ్చినది. ఇంటి తలుపు తట్టి అడుగు మనిషికి ఊరివారు తలుపు తీయుదురనుటకు ఈ ప్రాంతమే నిదర్శనము. తలుపు తెరచిన పిమ్మట ఏమి మాటలాడవలెననునదే తరువాతి ప్రశ్న.

గోదావరి తీరమున, ఋషివ్యాలీలో నేర్చిన పాఠములు

ఆ ప్రశ్నకు తెలుగు గడ్డపైననే సమాధానములు వెదకిన మూడు పరీక్షలు గలవు. వానిని ఒక్కచోట నుంచి చదివినచో గొప్ప వివేకము లభించును.

మొదటిది గోదావరి ప్రాంతమున 44 గ్రామములలో జరిగి 2012లో ప్రకటితమైనది. అందు రెండు ప్రయత్నములు. ఒకటి, గోడపత్రికలు, వీధినాటకములు, రిక్షా ప్రచారము మొదలగువాని ద్వారా గుండెజబ్బు నివారణను గూర్చి ఊరందరికి బోధించుట. రెండవది, వైద్యులు కాని ఆరోగ్య కార్యకర్తలకు ఒక క్రమపద్ధతి నేర్పి, అపాయము అధికముగా గలవారిని గుర్తింపజేయుట. రెండవ ప్రయత్నము ఫలించెను: కార్యకర్తలు శిక్షణ పొందిన గ్రామములలో అపాయము గలవారిని గుర్తించుట నూటికి పండ్రెండు వంతులు హెచ్చెను. మొదటి ప్రయత్నము వలన మాత్రము ప్రజల పరిజ్ఞానములో కొలవదగిన మార్పేదియు కానరాలేదు. ఊరంతటికిని చెప్పిన మాట ఎవరికిని చెప్పినట్లు కాలేదు.

రెండవది పశ్చిమగోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో జరిగి 2019లో వెలువడెను. ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ యంత్రమిచ్చి, అపాయమును లెక్కగట్టించి, వైద్యునికి చేరవేయించి, మరల మరల పరామర్శింపజేసిరి. యంత్రమును వారు నేర్పుతో ఉపయోగించిరి. ఐనను రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి నిష్పత్తిలో, ఆ యేర్పాటు గల గ్రామములకును లేని గ్రామములకును భేదము తేలలేదు.

మూడవది కేరళలోని తిరువనంతపురము ప్రాంతముతోబాటు పశ్చిమగోదావరిలోను, మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ పరిసర గ్రామములలోను జరిగి, 2020 జనవరిలో ప్రకటితమయ్యెను. ఆశా కార్యకర్తలకు అయిదు దినముల శిక్షణ నిచ్చిరి. వారు రక్తపోటు గలవారిని చిన్న చిన్న బృందములుగా చేర్చి, పదునైదు దినముల కొకమారు, మూడు నెలలపాటు కూర్చుండబెట్టి, బీపీ కొలిచి, ఉప్పు, నడక, మందు, పొగాకు విషయములను చర్చింపజేసిరి. మొత్తము 1,734 మంది పాల్గొనిన ఈ పరీక్షలో, సాధారణ వైద్యము మాత్రమే పొందినవారి కంటె బృందములలో పాల్గొన్నవారికి పై రక్తపోటు సగటున 5 మిల్లీమీటర్లు అధికముగా తగ్గెను. అదుపులోనికి వచ్చినవారి సంఖ్యయు హెచ్చెను. అయిదు మిల్లీమీటర్లు ఒక వ్యక్తికి స్వల్పముగా తోచవచ్చును గాని, ఒక మండలమంతటను అంత తగ్గినచో పక్షవాతపు మంచములు ఎన్నో తగ్గును. శిక్షణ ముగియగానే పెరిగిన ఆశా కార్యకర్తల పరిజ్ఞానము, మూడు నెలలు ఆ బృందములను నడపిన పిమ్మట మరికొంత పెరిగెననుట ఇంకను గమనింపదగిన విశేషము. బోధించుటయే వారికి రెండవ శిక్షణయైనది.

ఒక్క పరీక్ష ఏ సిద్ధాంతమునకును తుదిమాట కాదు. కాని మూడును ఒకవైపే దారి చూపుచున్నవి: సమాచారము అవసరమే, సాధనము ఉపకరించునదే, ఐనను శిక్షణ పొందిన మనిషి, అదే మనుష్యులను, తక్కువ వ్యవధిలో, పలుమారులు కలసికొన్నప్పుడే అలవాటు కదలినది.

ఒకే యింట రెండు సంభాషణలు

శిక్షణలో ఏమి నేర్పవలెనో తెలియుటకు ఒక ఉదాహరణమును ఊహింతము. అరువదేండ్లు దాటిన ఒక స్త్రీకి బీపీ హెచ్చుగా నున్నది. ఒక కార్యకర్త వచ్చి యిట్లనును:

“పెద్దమ్మా, నీకు బీపీ ఎక్కువున్నది. ఉప్పు తగ్గించాలె, తొక్కులు బంద్ చెయ్యాలె, రోజూ నడవాలె.”

“సరే బిడ్డా.”

ఈ సంభాషణ ముగిసినది. పత్రములో ‘సలహా యిచ్చితిమి’ అని గుర్తు పడినది. ఇంటిలో ఏమియు మారలేదు. శిక్షణ పొందిన మరియొక కార్యకర్త వచ్చినదనుకొందము:

“పెద్దమ్మా, పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం తింటవో జర చెప్పు.”

“ఏమున్నది బిడ్డా, పొద్దుగాల చాయ్. పదింటికి అన్నం, మామిడికాయ తొక్కు. మళ్ల మాపటికి గదే. పండ్లు లేవు, రొట్టె నమలరాదు. తొక్కు లేంది ముద్ద దిగదు.”

“తొక్కు మొత్తం మానుమని నేననను. రెండు పూటలల్ల ఏ పూట తగ్గించగలుగుతవో నువ్వే చెప్పు.”

“మాపటికి కోడలు పప్పుచారు చేస్తది. అప్పుడు తొక్కు లేకున్నా నడుస్తది.”

“అయితే ఈ వారం మాపటికి తొక్కు వద్దు. వచ్చే బుధవారం వస్త, ఎట్లున్నదో చెప్పు. పప్పుచారుల ఉప్పు జర తక్కువేయమని కోడలితోని నేను మాట్లాడుత.”

ఈ రెండవ సంభాషణకు పట్టిన కాలము అయిదారు నిమిషములే. అందు కార్యకర్త తెలిసికొన్న సంగతులను చూడుడు: జొన్నరొట్టె తినుమని చెప్పుట ఈమె విషయమున నిరర్థకము, ఏలయన దంతములు లేవు, వంట ఈమె చేతిలో లేదు, కోడలి చేతిలో నున్నది, రాత్రిపూట పప్పుచారు గలదు గనుక మార్పునకు తావు అక్కడనే యున్నది. నిర్ణయము రోగి నోటినుండియే వచ్చినది. గడువు నిర్ణయమైనది. మరల వచ్చెదనను మాట ఇచ్చినది. ఈ నాలుగును యాదృచ్ఛికములు కావు. ఒక్కొక్కటియు నేర్పదగిన విద్య.

అమెరికా మనస్తత్త్వవేత్త విలియం మిల్లర్ మద్యవ్యసనులకు చికిత్స చేయుచు, వాదించి ఒప్పింపజూచినకొలది రోగి ప్రతివాదమునకే దిగుననియు, మారవలసిన కారణములను అతని నోటనే పలికించినచో అతడు తన మాటకు తానే కట్టుబడుననియు గ్రహించి, 1983లో ఒక సంభాషణ పద్ధతిని ప్రకటించెను. పిమ్మట స్టీఫెన్ రాల్నిక్‌తో కలసి దానిని విస్తరించెను. తెరచిన ప్రశ్న అడుగుట, విన్నదానిని తిరిగి చెప్పి సరిచూచుకొనుట, చేసిన కొద్ది ప్రయత్నమును గుర్తించి మెచ్చుకొనుట, చివర సంగ్రహముగా ముడివేయుట — ఇవి ఆ పద్ధతికి మూలాంగములు. మన ఊళ్లలో వరుసలు కలిపి మాటలాడు సంప్రదాయమునకు ఈ పద్ధతి పరాయిది కాదు. దానిని స్పృహతో, క్రమముతో వాడుటయే నేర్వవలసినది.

శిక్షణ ఎట్లుండవలెను?

ప్రథమముగా, కార్యకర్తకు శాస్త్రము తెలియవలెను గాని, అది ఇంటి కొలతలలో తెలియవలెను. రోజుకు అయిదు గ్రాముల ఉప్పనగా ఒక చెంచాడు. మన దేశస్థులు సగటున ఎనిమిది గ్రాములు వాడుచున్నారు. ధాన్యముల నుండి వచ్చు శక్తి మొత్తములో నూటికి 45 వంతులు మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పినది. కంచము భాషలో దాని యర్థము, అన్నము కొంత తగ్గి, పప్పు, ఆకుకూర, కూరగాయ ఆ మేరకు పెరుగుట. వారమునకు 150 నిమిషముల నడక యనగా, అయిదు దినములు అరగంట చొప్పున. బీపీ కొలుచునపుడు రోగిని అయిదు నిమిషములు కూర్చుండనిచ్చి, పాదములు నేలనాని, చేయి గుండె మట్టమున నుంచవలెననుటయు ఈ శాస్త్రములోనిదే. కొలత తప్పినచో సలహాయు తప్పును.

రెండవది, సంభాషణను ఉపన్యాసము ద్వారా నేర్పజాలము. ఈత నేర్చుటకు నీటిలో దిగవలసినట్లే, ఈ విద్య నేర్చుటకు మాటలాడవలెను. శిక్షణాలయమున ముగ్గురేసిగా కూర్చుండి, ఒకతె రోగిగను ఒకతె కార్యకర్తగను నటించి, మూడవయామె గమనించి, ఎక్కడ తొందరపడినదో, ఎక్కడ వినక మాటలాడినదో చెప్పవలెను. కల్లు మానలేనివాడు, రాత్రి షిఫ్టువాడు, చుట్ట త్రాగు వృద్ధుడు, భర్తకు ప్రత్యేకముగా వండుటకు తీరికలేని ఇల్లాలు — ఇట్టి పాత్రలను ఆ ప్రాంతపు జీవితమునుండియే తీసికొనవలెను.

మూడవది, హద్దులు నేర్పవలెను. నడక మొదలిడినాను గదా యని గోలీలు మానుట అపాయమని ప్రతి పర్యాయమును చెప్పవలెను. ఎదలో బిగువు, మూతి వంకర, మాట తడబాటు, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట కనబడినచో మాటలతో కాలయాపన చేయక 108కి ఫోను చేయవలెను. షుగర్ మందు వాడువానికి చెమట, వణుకు, తల తిరుగుట కలిగినచో అది చక్కెర పడిపోవుట కావచ్చునని గుర్తించి వెంటనే తీపి పెట్టవలెను. పాదముపై మానని పుండును తేలికగా తీసికొనరాదు.

నాలుగవది, శిక్షణ ఒక్కసారితో ముగియరాదు. నెలకొకమారు ఏఎన్ఎం గాని, పల్లె దవాఖాన వైద్యసేవకురాలు గాని ఆశా కార్యకర్తతో కలసి రెండిండ్లకు పోయి, ఆమె సంభాషణను విని, మెచ్చదగినది మెచ్చి, దిద్దదగినది దిద్దవలెను. పై అధికారి కార్యకర్తను ఏ రీతిగా మాటలాడించునో, ఆమెయు రోగిని ఆ రీతిగానే మాటలాడించును. గద్దింపులతో నేర్చినది గద్దింపుగానే ఇంటింటికిని చేరును.

రోగిని నిందింపని వైద్యము

జీవనశైలి యను మాటలో ఒక ప్రమాదము దాగియున్నది. అది వ్యాధికి బాధ్యతను మొత్తముగా రోగిపై మోపునట్లు ధ్వనించును. రేషను దుకాణమున మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యము దొరకును గాని కూరగాయలు దొరకవు. రోడ్డు ప్రక్కన లారీల నడుమ నడచుటకు బాట లేదు. రాత్రి షిఫ్టు చేయువాడు నిద్రవేళను తాను నిర్ణయించుకొనలేడు. వీనిని చూడక “నీవు మారుము” అనుట శాస్త్రమును కాదు, ధర్మమును కాదు. కావున శిక్షణలో ఈ దృష్టి కూడ చేరవలెను: ఈ మనిషి చేతిలో నున్న దెంత, లేని దెంత? ఉన్నంతలో మొదటి మెట్టు ఏది? లేనిదానిని గ్రామ ఆరోగ్య కమిటీ ముందర, పురపాలక సంఘము ముందర ఎవరు పెట్టవలెను? నడకకు ఒక చెరువుకట్టను బాగుచేయించుటయు వైద్యమే.

అట్లే కార్యకర్తను సయితము నిందింపరాదు. గర్భిణుల నమోదు, టీకాలు, క్షయరోగుల మందులు, సర్వేలు, సమావేశములు — ఇన్నింటి నడుమ ఆమెకు మరియొక పత్రమును చేర్చి, దానిని శిక్షణ యనుట అన్యాయము. సంభాషణకు వేళ కావలెను. వేళకు వేతనము కావలెను. ఎంతమందిని పరీక్షించితివని మాత్రమే అడుగు వ్యవస్థ ఆమెచేత లెక్కలు నింపించును. ఆరు నెలలకు ఎంతమంది బీపీ అదుపులోనికి వచ్చినదని, ఎంతమందిని మరల కలసితివని అడుగు వ్యవస్థ ఆమెచేత వైద్యము చేయించును.

కౌకూర్ వంటి ఊళ్లలో దీర్ఘవ్యాధి గలవాడు ఏడాదిలో వైద్యుని యెదుట గడపు కాలము ఒక గంటకు మించుట అరుదు. తక్కిన ఎనిమిది వేల ఏడువందల పైచిలుకు గంటలు అతడు తన వంటింటిలో, పనిలో, నిద్రలో, వీధిలో గడపును; వ్యాధి పెరుగుటయు తగ్గుటయు ఆ గంటలలోనే. ఆ గంటలలోనికి ప్రవేశింపగల ఏకైక వైద్యసేవ ఆశా కార్యకర్తయే కనుక, ఆమెకు ఇచ్చు శిక్షణను వైద్యవిద్య యనియే ఎంచి, వైద్యకళాశాలకు ఇచ్చు గంభీరతతోను, నిధులతోను, నిరంతర పర్యవేక్షణతోను నిర్వహింపవలెను. గోదావరి పల్లెలలోను, ఋషివ్యాలీ పరిసరములలోను అయిదు దినముల శిక్షణయు, మూడు నెలల కలయికలును రక్తపోటును తగ్గింపగలిగినవన్నప్పుడు, మేడ్చల్‌లోను శామీర్‌పేటలోను దానిని ఏడాది పొడుగునను కొనసాగింపకుండుటకు శాస్త్రము వైపునుండి అడ్డంకి ఏదియు లేదు. మిగిలినది మన సంకల్పమే.